బ్రిటానియా నౌక పటం విషయంలో మీ సిబ్బంది నిర్లక్ష్యంపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

నమస్కారం. పందొమ్మిదో శతాబ్దపు ఆవిరి నౌకల ప్రకటన పటాల నకళ్ళను నేను చాలాకాలంగా మీ సంస్థ వద్దనే కొంటున్నాను. మా కళాశాల చరిత్ర విభాగం గోడలకున్నవన్నీ మీ దగ్గర తెప్పించినవే. ఇంతటి పాత ఖాతాదారుడి పట్ల మీ సిబ్బంది ఎలా ప్రవర్తించారో మీ దృష్టికి తేవడానికే ఈ లేఖ.

1840 జూలై 4న లివర్‌పూల్‌లో బయలుదేరి హాలిఫాక్స్ మీదుగా బోస్టన్ చేరిన 'బ్రిటానియా' పటానికి డబ్బు కట్టాను. అది రెండు పక్కలా తెడ్డుచక్రాలు, ఒకే ఒక్క పొగగొట్టం, తెరచాపలు కట్టుకునే మూడు స్తంభాలు ఉన్న చెక్క నౌక. మీరు పంపిన బొమ్మలో నాలుగు ఎర్రటి పొగగొట్టాలు వరసగా ఉన్నాయి, తెడ్డుచక్రం జాడే లేదు, అయినా కింద 'బ్రిటానియా, 1840' అని అచ్చువేశారు. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. వెంటనే సరిదిద్ది ఉంటే నాకు ఏ బాధా ఉండేది కాదు.

మీ ప్రతినిధి ఫొటో పంపమంటే పంపాను. తర్వాత మాట్లాడినాయన, ఆ ఫొటో తన దగ్గర లేదంటూ ఆర్డరు సంఖ్యతో సహా అన్నీ మళ్ళీ మొదటినుంచి చెప్పించుకున్నారు. ఇంకొకరు "ఫ్రేము విరగలేదు, అద్దం పగల్లేదు, కాబట్టి వస్తువులో లోపం లేదు" అని తేల్చేశారు. బొమ్మలో ఉన్నది వేరే నౌక అని నేను వివరిస్తుండగానే ఫోను పెట్టేశారు. పై అధికారి మాట్లాడతారన్నారు గానీ ఎవరూ మాట్లాడలేదు. చివరికి "మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని నక్షత్రాలిస్తారు?" అని సందేశం వచ్చింది. నా మాట ఒక్కరూ పూర్తిగా వినకుండానే ఫిర్యాదును మూసేశారని అప్పుడు అర్థమైంది. పటం తప్పుగా వచ్చినప్పుడు కలగని కోపం నాకు ఆ సందేశం చూశాక కలిగింది.

ఆ పటం నాకు అలంకారం కోసం కాదు. 1842 జనవరిలో ఇదే నౌకలో అమెరికా వెళ్ళిన ఆంగ్ల నవలాకారుడు చార్లెస్ డికెన్స్, లండన్ ఏజెంటు కార్యాలయంలో వేలాడదీసిన, రాతిపలకపై గీసి అచ్చువేసిన అందమైన లితోగ్రాఫ్‌కూ, తనకు దక్కిన ఇరుకు గదికీ పొంతనే లేదని రాశాడు. ఆనాటి అచ్చు ప్రకటనలు ప్రయాణికులకు ఏం ఆశ పెట్టాయో, నౌకలో వారికి ఏం దక్కిందో విద్యార్థులకు పక్కపక్కన పెట్టి చూపించాలనుకున్నాను. వేరే నౌక బొమ్మ పెట్టుకుని ఆ పాఠం ఎలా చెప్పను?

బాధ్యత గల అధికారి ఎవరైనా తన పేరు, హోదా చెప్పి నాతో నేరుగా మాట్లాడాలి. సరైన పటం పంపుతారో, డబ్బు తిరిగిస్తారో ఆ తర్వాత చూద్దాం. ఈ లేఖకు కూడా జవాబు రాకపోతే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రంలో ఫిర్యాదు నమోదు చేయిస్తాను, అవసరమైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను. మా విభాగం ఇకపై మీ దగ్గర ఒక్క కాగితం కూడా కొనదు.

ఇట్లు,
మీ పాత ఖాతాదారుడు,
చరిత్ర అధ్యాపకుడు