దేశం జెర్సీలో ఆట వేరు, ఎన్‌బీఏ ఆట వేరు

సంపాదకులకు నమస్కారం.

ఒలింపిక్స్‌లోనో ప్రపంచ కప్‌లోనో ఒక బాస్కెట్‌బాల్ ఆటగాడు చెలరేగి ఆడగానే, ఇక అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏలోనూ అతడికి తిరుగుండదని అభిమానులు, కొందరు విశ్లేషకులు తీర్మానించేయడం పరిపాటి అయింది. టోక్యో ఒలింపిక్స్ కాంస్య పోరులో స్లొవేనియాపై 42 పాయింట్లు సాధించిన ఆస్ట్రేలియా ఆటగాడు ప్యాటీ మిల్స్, ఎన్‌బీఏలో ఎక్కువ కాలం బెంచి మీద నుంచి ప్రత్యామ్నాయ ఆటగాడిగా వచ్చి ఆడినవాడే. 2023 ప్రపంచ కప్‌లో జర్మనీని విజేతగా నిలిపి, టోర్నీ అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికైన డెన్నిస్ ష్రోడర్‌ను ఆ మరుసటి ఫిబ్రవరిలోనే అతడి ఎన్‌బీఏ జట్టు టొరంటో, మరో జట్టు బ్రూక్లిన్‌కు బదిలీ చేసింది.

వారి ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. జాతీయ జట్టులో బంతి ఎప్పుడూ వారి చేతిలోనే ఉంటుంది. ఎన్‌బీఏలో ఆ అవకాశం జట్టులోని అగ్రశ్రేణి తారలకే దక్కుతుంది. నిబంధనలూ వేరే. ఎన్‌బీఏలో మ్యాచ్ నిడివి అంతర్జాతీయ పోటీల్లోని 40 నిమిషాలకు బదులు 48; మూడు పాయింట్ల గీత 6.75 మీటర్లకు బదులు, రింగుకు ఎదురుగా 7.24 మీటర్లు. అన్నిటికంటే ముఖ్యంగా, ఎన్‌బీఏలో డిఫెండర్ ఎవరినీ కాపలా కాయకుండా రింగు ముందు గీతలు గీసి ఉన్న ప్రాంతంలో (పెయింట్‌లో) మూడు సెకన్లకు మించి నిలబడకూడదు. అంతర్జాతీయ పోటీల్లో ఆ నిబంధన లేనందువల్ల రింగు దగ్గర ఆడే పొడవాటి ఆటగాడు (సెంటర్) అక్కడే పాతుకుపోయి దూసుకొచ్చేవారికి దారి మూసేయగలడు. పైగా షాట్ కొట్టిన బంతి రింగు అంచున తిరుగుతుండగానే చేత్తో తోసేయగలడు. అదే సెంటర్‌ను ఎన్‌బీఏలో బంతిని నడిపించే వేగమైన ఆటగాళ్లు (గార్డులు) బయటికి లాగి అలవోకగా దాటేస్తారు.

కాబట్టి ఇటువంటి ప్రదర్శనల గురించి రాసేటప్పుడు పాయింట్లతో పాటు ప్రత్యర్థి ఎవరో, ఆటగాడి పాత్ర ఏమిటో కూడా క్రీడా పేజీలో ప్రస్తావించాలని మనవి.

— ఒక పాఠకుడు, విజయవాడ