పేరు అడగడం మరిచిపోయిన ఆవిడకి

నిద్ర లేక కళ్లు మండుతున్నాయి, అక్షర దోషాలుంటే సర్దుకోండి. రేపు రాద్దామనుకుంటే ఇక రాయనని తెలుసు, అందుకే ఇప్పుడే కూర్చున్నాను.

నాన్న షుగర్ నాలుగు రోజులుగా 110కీ 170కీ మధ్యే తిరుగుతోంది. అంతకుముందు ఆరు వారాలు రాత్రి 58, పొద్దున 290. మందు మారలేదు. ఇన్సులిన్ పెరగలేదు, నిజానికి తగ్గింది. మార్చింది ల్యాబ్ బయట బెంచీ మీద పక్కన కూర్చున్న ఒకావిడ. వాళ్లబ్బాయికి టైప్ 1 షుగర్, అంటే ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని రకం. తిన్న తర్వాత రక్తం ఇవ్వాలంటే రెండు గంటలు ఆగాలి కదా, ఆ రెండు గంటలే మా పరిచయం.

ఇంట్లోవాళ్ల సంగతి ముందే కానిచ్చేస్తాను. అమ్మ, తమ్ముడు, మరదలు వంతులేసుకుని రాత్రిళ్లు మేలుకున్నారు. వాళ్లకి థ్యాంక్స్ చెబితే తిడతారు.

ఆవిడ నాన్న చేతిలోని చీటీలో అంకెలు చూసి అడిగిన మొదటి మాట, "సూది ఎక్కడ పొడుచుకుంటున్నారు బాబాయ్‌గారూ?" బొడ్డుకి కుడిపక్కన, రోజూ అక్కడే, అక్కడైతే నొప్పుండదు అన్నారు నాన్న. "నొప్పి లేదంటేనే నాకు అనుమానం" అంది. పొట్ట మీద రెండు వేళ్లు ఆనించి, గట్టిగా నొక్కకుండా మెల్లగా జరుపుతూ తడుముకోమంది. ఒకచోట నాన్న వేళ్లు ఆగిపోయాయి. చర్మం కింద రబ్బరు బిళ్లలాంటి గడ్డ. పైకి ఏమీ కనిపించదు. స్నానంలో సబ్బు చేత్తో తడిమితే ఇంకా బాగా తెలుస్తుందట, తెలిసింది కూడా.

దాన్ని లైపోహైపర్‌ట్రోఫీ అంటారు. ఒకేచోట మళ్లీమళ్లీ ఇన్సులిన్ వేస్తే అక్కడి కొవ్వు పేరుకుని గడ్డకడుతుంది. అందులో వేసిన ఇన్సులిన్ ఒకరోజు సగమే రక్తంలోకి చేరుతుంది, ఇంకోరోజు ఆలస్యంగా అర్ధరాత్రి చేరుతుంది. నొప్పి తక్కువని మనిషి అక్కడే పొడుచుకుంటాడు, పొడిచేకొద్దీ గడ్డ పెరుగుతుంది. పొట్టని నాలుగు భాగాలు అనుకుని వారానికో భాగం వాడాలి, బొడ్డుకి రెండంగుళాలు దూరం ఉండాలి, నిన్న పొడిచిన చోటికి కనీసం ఒక వేలి వెడల్పు జరగాలి. ప్రతిసారీ కొత్త సూది.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. ఆవిడ దీన్నే మూడుసార్లు చెప్పింది. గడ్డ వదిలి మంచి చోటికి మారితే అదే డోసు పూర్తిగా పనిచేస్తుంది, షుగర్ దభాలున పడిపోతుంది. కాబట్టి చోటు మార్చేముందే డాక్టరుకి చెప్పి డోసు అడగాలి. మాకు తగ్గించారు. ఎన్ని యూనిట్లో రాయను, చూసి ఎవరైనా తగ్గించుకుంటారని భయం.

ఇన్సులిన్ పెన్ను పట్టుకోవడం కూడా ఆ బెంచీ మీదే నేర్పింది. పాలలా తెల్లగా ఉండే మిశ్రమ ఇన్సులిన్ అయితే అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించి, పదిసార్లు తలకిందులు చేయాలి, గిలకొట్టకూడదు. సరిగ్గా కలవకపోతే ఒకరోజు త్వరగా పనిచేసేది ఎక్కువ పడుతుంది, ఇంకోరోజు నిదానంగా పనిచేసేది. సూది బిగించాక 2 యూనిట్లు గాల్లోకి వదిలి చివర చుక్క కనిపిస్తేనే పొడవాలి. బటన్ పూర్తిగా నొక్కాక పది లెక్కపెట్టి తీయాలి, ముందే తీస్తే మందు చర్మం మీదే కారిపోతుంది. ఆరు వారాలు మేం నొక్కగానే తీసేశాం. ఎవరూ చెప్పలేదు. "పొద్దున ఇన్ని, రాత్రి ఇన్ని" అని రాసిచ్చారు, అంతే.

రాత్రి 58కి మేం చేసిన వైద్యం విన్నాక మాత్రం ఆవిడ నవ్వలేదు. చాక్లెట్ పెట్టాం. చాక్లెట్‌లోని కొవ్వు వల్ల తీపి రక్తంలోకి నిదానంగా చేరుతుంది. పది నిమిషాల్లో పెరగలేదని కంగారుపడి బిస్కెట్లు, పాలు, రొట్టె. అవన్నీ కలిసి తెల్లారేసరికి 290. పొద్దుటి 290 ఒక్కటే చీటీలో ఉంటుంది కాబట్టి డోసు పెంచారు. పెరిగిన డోసుకి మర్నాటి రాత్రి మళ్లీ పడిపోయింది. ఆరు వారాలు ఈ గానుగ చుట్టే తిరిగాం.

చేయాల్సింది ఇది. 70 కన్నా తగ్గితే 15 గ్రాముల గ్లూకోజ్ ఇవ్వాలి, 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ 15. ఆ పావుగంట ఆగడమే కష్టం, ఆ కాసేపట్లోనే ఇంటిల్లిపాదీ తలా ఒకటి నోట్లో పెడతారు. 70 దాటాక తర్వాతి భోజనానికి గంట కన్నా ఎక్కువ టైముంటే అప్పుడు కొంచెం ఏదైనా తినాలి. స్పృహ లేకపోతే నోట్లో చుక్క కూడా పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి వెంటనే అంబులెన్స్ పిలవాలి.

పంచదార చాలదా అని అడిగాను. చాలామందికి చాలుతుంది. కానీ నాన్న మాత్రల్లో వోగ్లిబోజ్ ఉంది. అదీ, అకార్బోజ్ కూడా, పేగుల్లో పంచదార విరగకుండా అడ్డుపడే మందులు. భోజనం తర్వాత షుగర్ ఎగరకుండా ఉండటానికి అవి చేసే పనే అది. అదే పని రాత్రి ప్రాణం మీదికి తెస్తుంది, పంచదార నీళ్లు తాగించినా అంకె త్వరగా కదలదు. వాళ్లకి నేరుగా గ్లూకోజే ఇవ్వాలి. రుచులు కలిపిన కొన్ని గ్లూకోజ్ పొడుల్లో మామూలు పంచదార కూడా ఉంటుంది, వెనకాల లేబుల్ చదివి కొనండి. ఈ ముక్క ఆ మాత్ర రాసినవాళ్లు చెప్పలేదు, మందుల పెట్టె మీదా కనిపించలేదు.

ఆవిడ బ్యాగులో గ్లూకోజ్ పొడి పొట్లాలున్నాయి. ఒక్కోదాని మీద పెన్సిల్‌తో 15 అని రాసి ఉంది. అర్ధరాత్రి నిద్రమత్తులో చెంచాలు లెక్కపెట్టే పని లేకుండా ముందే తూచి కట్టుకుంది. రెండు నాన్న జేబులో పెట్టింది.

తర్వాత అడిగింది, "మీ ఇంట్లో పోలీసు ఎవరు?" అని. నాన్న నా వైపు చూశారు.

తిండి విషయంలో ఆవిడ చెప్పినదంతా ఈ ప్రశ్న చుట్టూనే. "ఎంతొచ్చింది?" అని నిలదీసే ఇంట్లో మనిషి చాటుగా తింటాడు. చాటుగా తిన్నది చీటీకి ఎక్కదు. కారణం తెలియని అంకె డాక్టరు ముందుకెళితే డోసు పెరుగుతుంది. తినని రోజు ఆ డోసే మనిషిని పడేస్తుంది. అందుకని తిట్టే ఇంట్లో ఇన్సులిన్ ప్రమాదం అంది. అంకెని మంచీ చెడూ అనకుండా అంకెలాగే చదవమంది. 240 అంటే 240, అంతే. దాని పక్కన ఏం తిన్నారో, ఎంత తిన్నారో ఆయన చేతే రాయించాలి.

రెండోది, ఆయనకని వేరే గిన్నె పెట్టొద్దంది. చప్పిడి కూర ఒకరికి, అసలు కూర మిగతావాళ్లకి అయితే వారం దాటదు. అందరి కంచం ఒకటే కావాలి. తొమ్మిది అంగుళాల కంచంలో సగం కూరగాయలు (దుంపలు కాకుండా), పావు భాగం పప్పో గుడ్డో చేపో, పావు భాగం అన్నమో రొట్టో. కంచం పెద్దదైతే పావు భాగమూ పెద్దదవుతుంది, అందుకే అంగుళాలు చెప్పింది. కూరలు, పప్పు ముందు తిని అన్నం చివరికి ఉంచుకుంటే అదే భోజనానికి షుగర్ తక్కువ ఎగురుతుంది. నేను నమ్మలేదు. రెండు రోజులు ఒకే భోజనం రెండు రకాలుగా తినిపించి చూశాక నోరు మూసుకున్నాను.

తూకం దగ్గర అందరూ పప్పులో కాలేసేది ఒకటుంది. బియ్యం 100 గ్రాముల్లో పిండిపదార్థం 80 గ్రాములకి దగ్గరగా ఉంటుంది. అదే వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28. నీళ్లు చేరతాయి కదా. ఎక్కడో చూసిన బియ్యం లెక్కని అన్నానికి వేసుకుని సగం కడుపుకి తినేవాళ్లున్నారు, అన్నం లెక్కని బియ్యానికి వేసుకుని మూడింతలు తినేవాళ్లూ ఉన్నారు. ఒక కొలత కప్పు అన్నం, అంటే దాదాపు 160 గ్రాములు, 45 గ్రాముల పిండిపదార్థం. జీవితాంతం తూచక్కర్లేదు. ఒక వారం తూచి, ఆ 160 గ్రాములు మీ ఇంటి గరిటెతో ఎన్నో చూసుకుంటే చాలు. మాకు రెండు గరిటెలు, రెండోది తలగొట్టి. నాన్న ఇన్నాళ్లూ "కొంచెమే" అన్నది నాలుగు.

షుగర్ ఫ్రీ అని రాసిన బిస్కెట్ గురించి కూడా. అందులో లేనిది పంచదార, మైదా మాత్రం ఉంది. మొత్తం కార్బోహైడ్రేట్ వరుస చదవాలి, అదీ 100 గ్రాములకా ఒక్క బిస్కెట్‌కా అని చూసుకుని.

టైము సంగతి ఆడవాళ్లకి బాగా అర్థమవుతుంది. మా ఇన్సులిన్ భోజనానికి అరగంట ముందు వేసుకోవాల్సిన రకం. వేసుకున్నాక తమ్ముడు రాలేదనో, కూర ఉడకలేదనో గంటన్నర అయితే షుగర్ ఆగదు, పడిపోతుంది. కాబట్టి కూర దింపాకే సూది. వచ్చేవాళ్ల కోసం ఎదురుచూపులు లేవు.

షుగర్ మీటరు స్ట్రిప్పులు తక్కువైతే రోజూ పరగడుపునే చూసుకుని దాచుకోవద్దంది. ఒక భోజనాన్ని పట్టుకుని, దానికి ముందొకటి, మొదటి ముద్ద నుంచి రెండు గంటలకి ఒకటి. రేపు ఇంకో భోజనం. వారంలో ఏ పూట తిండి ముంచుతోందో తెలిసిపోతుంది. సాధారణంగా పెద్దవాళ్లకి భోజనం ముందు 80 నుంచి 130, తర్వాత 180 లోపు అంటారు, వయసునీ జబ్బుల్నీ బట్టి డాక్టరు మారుస్తారు. వేలికి పండు రసం అంటుకుని ఉంటే మీటరు దాన్ని కూడా లెక్కేస్తుంది, చేతులు కడిగి పూర్తిగా తుడుచుకోవాలి. చుక్క వేలి పక్కనుంచి తీయాలి, మధ్యలోంచి కాదు, అక్కడ నొప్పెక్కువ.

ఇదంతా మేం ఎక్కడ రాసుకోవాలో తెలియక మందుల చీటీ వెనక రాస్తుంటే ఆవిడ బ్యాగులోంచి పుస్తకం తీసింది. వాళ్లబ్బాయి లెక్కల పుస్తకం. వచ్చే నెలకని స్కేలు పెట్టి ముందే గీతలు గీసుకుంది: ముందు, తిన్నది, రెండు గంటలకి, నడక, సూది చోటు. నడి పేజీల దగ్గర పిన్నులు విప్పి, గీతలు గీసిన ఆ ఖాళీ కాగితాలన్నీ తీసి మడిచి నాన్న చేతిలో పెట్టింది. "నేను మళ్లీ గీసుకుంటాలెండి" అంది. నేనప్పటిదాకా బాగానే ఉన్నాను. ఆరు వారాలు ఏడవలేదు. ఆ గీతలు చూశాక ఆగలేదు. అంతలో వాళ్లబ్బాయిని లోపలికి పిలిచారు, మమ్మల్ని ఇంకో గదికి. బయటికి వచ్చేసరికి బెంచీ ఖాళీ.

అమ్మా, మీరిది చూస్తారో లేదో. సూది చోటు గడిలో నాన్న ఇప్పుడు బాణం గుర్తులు వేస్తున్నారు. ఆయన చేతిరాతే.

ఒక్క మాట మాత్రం అనకుండా ఉండలేను. ఇదంతా ఒక బాధపడే తల్లి బెంచీ మీద కూర్చుని చెప్పాల్సిన సంగతేనా? మాకు డాక్టరు ముందు దక్కింది నాలుగు నిమిషాలు. చేతిలో పెట్టింది మసకబారిన జిరాక్స్ కాగితం, "తీపి, అన్నం, దుంపలు మానవలెను" అని. ఏం తినాలో అందులో లేదు. బోస్టన్‌లో ఎలియట్ జోస్లిన్ అనే డాక్టరు శిక్షణ ఇచ్చిన నర్సులు వందేళ్ల కిందటే రోగుల ఇళ్లకి వెళ్లి ఇన్సులిన్, తిండి నేర్పేవాళ్లు. ఇన్సులిన్ మొదటిసారి మనిషికి ఇచ్చింది 1922లో, నేర్పాలన్న ఆలోచన దాదాపు దానంత పాతది. మరి ఆరు వారాల్లో మూడుసార్లు డోసు పెంచారు కదా, ఒక్కసారైనా చొక్కా ఎత్తమని పొట్ట తడిమి చూస్తే ఏం పోయేది? డాక్టరుగారి మీద కోపం లేదు, బయట వరస నేనూ చూశాను. కానీ ఆ వరసలో ఎంతమంది చొక్కాల కింద ఆ గడ్డ ఉందో.

సరే, ఇక పడుకుంటాను.

అయ్యో, మరిచాను. వంటింటి త్రాసు అరువిచ్చిన పై వాటా వాళ్లకి థ్యాంక్స్, ఈ వారంలో ఇచ్చేస్తాం. ఇన్సులిన్ ఐసుకి ఆనకూడదు, గడ్డకడితే పారేయడమేనని చెప్పి, అట్ట చుట్టి ఇచ్చిన మందుల షాపు కుర్రాడికి కూడా. తెరవనిది ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య, వాడుతున్నది బయట చల్లని చోట, మా రకానికి 28 రోజులు. పెన్ను మీద తెరిచిన తేదీ రాసిచ్చింది కూడా అతనే.

ల్యాబ్‌లో రెండోసారి గుచ్చాల్సి వచ్చినప్పుడు నాన్నకి సారీ చెప్పిన అమ్మాయికి. మరదలి వాళ్లమ్మగారికి, రెండు రాత్రులు పిల్లల్ని చూసుకున్నారు, అసలు ఆవిడ పేరు పైనే రాయాల్సింది.

వాచ్‌మన్ గారికి కూడా.