వార్షిక నివేదిక 2024–25: నడుము కింద చచ్చుబడిన మనిషి ఇంటికి చేరేలోపు

గౌరవ సభ్యులకు నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా మన సంఘం చేసిన పనిని మీ ముందు పెడుతున్నాం. తాటిచెట్టు మీద నుంచి జారినవాళ్లు, సెంట్రింగ్ పనిలో స్లాబు మీద నుంచి పడినవాళ్లు, ట్రాక్టర్ బోల్తా పడి నడుము విరిగినవాళ్లు, బైకు ప్రమాదాల్లో మెడ దగ్గర దెబ్బ తిన్నవాళ్లు. ఉమ్మడి నల్గొండ జిల్లాలో మన తలుపు తట్టే కుటుంబాలు ఎక్కువగా ఇవే. ఇన్నేళ్లూ మనిషి ఇంటికి చేరాక, వీల్‌చైర్ కావాలని కబురొచ్చాకే వెళ్తూ వచ్చాం. వెళ్లేసరికి నడుము కింద ఎముక మీద పుండు పడి ఉండేది, మూత్రంలో చీము ఉండేది, ప్రమాదం నాటి కాగితాలు ఎక్కడున్నాయో ఎవరికీ తెలిసేది కాదు. అందుకే ఈ ఏడాది కార్యవర్గం ఒక మార్పు చేసింది. వీల్‌చైర్ల పంపిణీని వెనక్కి జరిపి, డిశ్చార్జి కాకముందే ఆసుపత్రి మంచం దగ్గరికి వెళ్లడం మొదటి పనిగా పెట్టుకున్నాం. వెళ్లేది వీల్‌చైర్ వాడే సభ్యుడు ఒకరు, ఇంట్లో ఇలాంటి మనిషిని చూసుకుంటున్న ఆడవాళ్లు ఒకరు.

మంచం దగ్గర మొదట చెప్పే మాట

ఇది పక్షవాతం కాదు. పక్షవాతంలో దెబ్బ మెదడుకు తగులుతుంది, ఒక పక్క పడిపోతుంది. ఇక్కడ దెబ్బ తిన్నది వెన్నుపాము. దెబ్బ తగిలిన చోటు కింద కదలికతోపాటు స్పర్శ, మూత్రం, విరేచనం మీద పట్టు కూడా పోతాయి. ఈ తేడా తెలియక పక్షవాతం మందు పోస్తారని పేరున్న ఊళ్లన్నీ తిరిగి, తైలాలకూ పసర్లకూ ఎకరం అమ్ముకున్న కుటుంబాలు మన సభ్యుల్లోనే ఉన్నాయి. ఆ నెలల్లోనే ఒళ్లు పాడవుతుంది. డబ్బు పోయిన దానికన్నా అదే మాకు ఎక్కువ బాధ.

ఆశ వద్దని మేం అనడం లేదు. డిశ్చార్జి కాగితంలో దెబ్బ ఏ పూస దగ్గరో, వెన్నుపాము దెబ్బ తీవ్రతను కొలిచే ఏషియా స్కేలు మీద ఏ, బీ, సీ, డీల్లో ఏదో తప్పకుండా రాయించుకోమంటున్నాం. ‘ఏ’ అంటే కింద స్పర్శా కదలికా రెండూ పూర్తిగా లేనట్టు. ‘బీ’ అంటే స్పర్శ కొంత మిగిలినట్టు. ‘సీ’, ‘డీ’ల్లో కదలిక కొంత ఉంటుంది. ఎంతవరకు తిరిగి రావచ్చో డాక్టరు అంచనా కట్టేది దీన్ని బట్టే. రేపు బీమావాళ్లూ, వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరంలో డాక్టర్లూ అడిగేదీ ఇదే.

ఇంట్లోవాళ్లు పొరబడే సంగతులు రెండున్నాయి. కొన్ని వారాలకు కాళ్లు వాటంతటవే ఎగిరిపడతాయి. ‘కదులుతున్నాయి, బాగవుతోంది’ అని సంబరపడతారు. అది వెన్నుపాము బిగువు, మనిషి తనంతట తాను కదిపిన కదలిక కాదు. దానికి బాక్లోఫెన్ మాత్ర ఇస్తారు. ఆ మాత్రను డాక్టరును అడగకుండా ఒక్కసారిగా మానకూడదు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. రెండోది, పైపు తీసేశాక పక్క తడుస్తుంటే మూత్రం వస్తోందని అనుకోవడం. లోపలి మూత్రాశయం నిండి పొర్లడం వల్లా అలా తడుస్తుంది. లోపల నిలవ ఉన్న మూత్రం పైకి ఎగదన్ని కిడ్నీలను చెడగొడుతుంది.

డిశ్చార్జి సంచి

ఈ ఏడాది కొత్తగా మొదలుపెట్టింది ఇది. ఒక్కో కుటుంబానికి ఇచ్చే గుడ్డసంచిలో కొలతగీతలున్న లీటరు జగ్గు, మూత్రం తీసే నెలటాన్ పైపులు (మగవాళ్లకు మామూలుగా 14 నంబరు, ఆడవాళ్లకు 12), జెల్లీ ట్యూబు, చేతి అద్దం, థర్మామీటరు, నోటు పుస్తకం, కాగితాలు పెట్టుకునే ప్లాస్టిక్ ఫోల్డరు ఉంటాయి. పైపు నంబరు ఆసుపత్రిలో నర్సు చెప్పాకే ఖాయం చేస్తాం.

జగ్గు ఎందుకో ఒకటికి పదిసార్లు చెప్పాల్సి వచ్చింది. పైపు పెట్టి మూత్రం తీసే పద్ధతిలో 4 నుంచి 6 గంటలకోసారి తీయాలి. ఒక్కోసారి వచ్చేది 400, మహా అయితే 500 మిల్లీలీటర్లు దాటకూడదు. దాటుతుంటే విరామం తగ్గించాలి, లేదా రాత్రి ఏడు తర్వాత నీళ్లు తగ్గించాలి. పక్క తడుస్తుందన్న భయంతో పగలంతా నీళ్లు మాన్పించే ఇళ్లున్నాయి. రాళ్లకూ చీముకూ అదే దారి. చేతులు సబ్బుతో కడుక్కోవడం అన్నిటికన్నా ముందు. ఈ పైపులు ఒక్కసారి వాడి పారేయడానికి తయారైనవి. కొనలేక మళ్లీ వాడేవాళ్లు డాక్టరుతో మాట్లాడాకే, ప్రతిసారీ సబ్బు నీళ్లతో లోపలా బయటా కడిగి, ఆరబెట్టి, మూత ఉన్న డబ్బాలో దాచుకోవాలి. గట్టిపడినా, గరుకు తేలినా పారేయాలి. లోపలే ఉండే ఫోలీ పైపుతో ఇంటికి వచ్చినవాళ్లు నెల దాటకుండా మార్పించుకోవాలి. మగవాళ్లకు పైపును పొత్తికడుపు మీదకో తొడ పైభాగానికో ప్లాస్టరుతో అంటించాలి. కిందికి వేలాడితే ఆ బరువుకు మూత్రనాళం కోసుకుపోతుంది.

మూత్రం పరీక్షలో క్రిములు కనిపించిన ప్రతిసారీ యాంటీబయాటిక్ అక్కర్లేదు. పైపు వాడేవాళ్లకు క్రిములు ఎప్పుడూ ఉంటాయి. జ్వరం, చలి, బిగువు ఉన్నట్టుండి పెరగడం, మూత్రంలో రక్తం కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. ఏమీ లేకున్నా ఏడాదికోసారి కిడ్నీల స్కానింగు, క్రియాటినిన్ పరీక్ష చేయించాలి.

విరేచనానికి రోజూ ఒకే వేళ పెట్టుకోవాలి. తిన్నాక 20, 30 నిమిషాలకు పేగులు వాటంతటవే కదులుతాయి కాబట్టి టిఫిన్ తర్వాత వేళ చాలామందికి కుదిరింది. దెబ్బ తగిలిన చోటును బట్టి పద్ధతి మారుతుంది. కొందరికి తొడుగు వేసుకున్న వేలితో మలద్వారంలో మెల్లగా తిప్పితే వస్తుంది, నడుము కింది దెబ్బకు చేత్తోనే తీయాల్సి రావచ్చు. డిశ్చార్జికి ముందు నర్సు దగ్గర ఇంట్లోవాళ్లు తమ చేతులతో ఒక్కసారైనా చేసి చూడాలి. సిగ్గుపడి నేర్చుకోకుండా ఇంటికొస్తే మూడో రోజుకే కడుపుబ్బి మళ్లీ ఆసుపత్రి.

పుండు

ఈ నివేదికలో ఒక్క భాగమే చదివే తీరికుంటే ఇది చదవండి.

స్పర్శ లేని మనిషికి నొప్పి తెలియదు, పక్కకు జరగాలన్న కబురు మెదడుకు అందదు. ఎముక ఉబ్బెత్తుగా ఉన్నచోట చర్మం పరుపుకూ ఎముకకూ మధ్య నలిగి, నెత్తురు ఆడక చచ్చిపోతుంది. నడుము కింద, పిరుదుల కింద, తుంటి పక్కన, మడమల దగ్గర ఇది మొదలవుతుంది. కాబట్టి పగలూ రాత్రీ 2 గంటలకోసారి పక్క మార్చాలి. వెల్లకిలా, ఎడమకు ఒరిగి, కుడికి ఒరిగి. పూర్తిగా పక్కకు తిప్పితే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది, అందుకని వీపు వెనుక దిండు పెట్టి సగం మాత్రమే ఒరిగించాలి. మోకాళ్ల మధ్య ఒక దిండు. పిక్కల కింద ఒక దిండు, మడమలు పరుపుకు తగలకుండా. పాత చీరలతో కుట్టిన దిండ్లు చాలు. లాగకూడదు, ఎత్తాలి. దుప్పటి మీద ఈడ్చినప్పుడే చర్మం లేస్తుంది.

రోజూ పొద్దున, రాత్రి అద్దం పెట్టి చూడాలి. ఎర్రగా కనిపించిన చోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎరుపెక్కితే కాస్త ఊరట. తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే, ఆ ఎరుపు పోయేదాకా ఆ వైపు పడుకోకూడదు, దాని మీద కూర్చోకూడదు. నల్లటి ఒళ్లు మీద ఎరుపు తేలిగ్గా కనబడదు, వేడిగా గట్టిగా ఉందేమో చేత్తో తడమాలి. అక్కడ మర్దన చేయవద్దు, స్పిరిటు రాయవద్దు. మధ్యలో బొక్క ఉన్న గాలి రింగు మీద కూర్చోబెట్టవద్దు, అది చుట్టూ నొక్కి మధ్యలో నెత్తురు ఆపుతుంది.

వీల్‌చైర్‌లో కూర్చున్నప్పుడు 15 నుంచి 30 నిమిషాలకోసారి ఒత్తిడి తీయాలి. చేతుల్లో బలమున్నవాళ్లు కూడా చేతుల మీద లేవడం కంటే ముందుకు వంగి, పక్కలకు ఒరిగి ఒకట్రెండు నిమిషాలు ఆగడం మేలు. భుజాలు అరిగిపోవు.

మా పొరపాటు ఒకటి ఇక్కడ రాయాలి. గాలి పరుపులు ఇచ్చాం గానీ అవి పని చేసే తీరు సరిగా చెప్పలేదు. పంపు ఆగితే పరుపులోని గాలి గదులు చప్పబడి మనిషి కింద బల్లకు ఆనుతాడు. కరెంటు పోయిన రాత్రి, పరుపుంది కదా అని పక్క మార్చని ఇళ్లలో పుండ్లు పడ్డాయి. ఇప్పుడు పరుపుతోపాటే పరీక్ష నేర్పుతున్నాం. నడుము ఉన్నచోట పరుపు కిందికి చేయి జొనిపితే, చేతికీ శరీరానికీ మధ్య కనీసం అంగుళం గాలి ఉండాలి. పరుపున్నా పక్క మార్చడం మానకూడదు.

కాలిన పుండ్లు కూడా వచ్చాయి. వేడి నీళ్ల సంచి, ఒళ్లో పెట్టుకున్న వేడి అన్నం పళ్లెం, బైకు సైలెన్సరు, ఎండాకాలం గుడి ముందు కాలే బండ. స్నానం నీళ్లు తోడు మనిషి మోచేతితో చూసి పోయాలి.

మెడ, ఛాతీ పైభాగం దెబ్బల వారికి

ఛాతీ ఆరో పూస, ఆ పైన దెబ్బ తిన్నవారిలో కింద ఏదైనా ఇబ్బంది కలిగితే, అంటే మూత్రం నిండినా పైపు మడతపడినా, బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. తల పగిలేలా నొప్పి, మొహం ఎరుపెక్కడం, దెబ్బకు పైభాగాన చెమటలు దాని గుర్తులు. వీరి మామూలు బీపీ 90, 110 మధ్యే ఉంటుంది కాబట్టి 140 కనిపించినా ప్రమాదమే. చాలామంది కంగారులో పడుకోబెడతారు. పడుకోబెడితే బీపీ ఇంకా పెరుగుతుంది. నిటారుగా కూర్చోబెట్టి, కాళ్లు కిందికి వేలాడదీసి, బెల్టు, మొలతాడు వదులు చేసి, ముందు మూత్రం, తర్వాత మలం చూడాలి. నిమిషాల్లో తగ్గకపోతే 108. చిన్న ఆసుపత్రుల్లో దీన్ని గుర్తుపట్టకపోవచ్చని ఈ వివరాలన్నీ కార్డు మీద అచ్చువేసి వీల్‌చైర్‌కు కట్టిస్తున్నాం.

కాగితాలు

పడిపోయిన కేసు ఆసుపత్రిలో చేరినప్పుడు ఎంఎల్‌సీ (పోలీసులకు తెలపాల్సిన కేసుగా ఆసుపత్రి రాసుకునేది) నమోదైందో లేదో అదే రోజు అడగాలి. రోడ్డు ప్రమాదమైతే ఎఫ్‌ఐఆర్ నకలు తీసుకుని, 6 నెలల్లోపు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో దావా వేయాలి. పనిచోట ప్రమాదమైతే 2025 నవంబరు దాకా 1923 నాటి పరిహార చట్టం కింద 2 ఏళ్ల గడువుండేది, ఈఎస్ఐ ఉన్నవారికి దారి వేరు. గీత కార్మికులకు ఎక్స్‌గ్రేషియా ఉంది, సొసైటీ సభ్యత్వం కార్డు భద్రపరచాలి. ఎక్కేవాళ్లున్న ఇళ్లకు ఒక మాట: 2024 జులైలో ప్రభుత్వం మొదలుపెట్టిన కాటమయ్య రక్ష కిట్టు ఇంట్లో మూలన పెట్టడానికి కాదు, నడుముకు కట్టడానికి.

బ్యాంకు పాస్‌బుక్కులో మే, జూన్ నెలల దగ్గర 20 రూపాయలు కట్ అయిందేమో చూడండి. అది ప్రధానమంత్రి సురక్షా బీమా. ప్రమాదంలో రెండు కాళ్ల వాడుక శాశ్వతంగా పోతే 2 లక్షలు వస్తుంది. ప్రమాదం జరిగిన 30 రోజుల్లో బ్యాంకుకు తెలపాలి. ఖాతాలో ఈ బీమా ఉందని తెలియకే చాలా ఇళ్లు అడగలేదు.

సదరం స్లాటు ముందే తీసుకోవాలి. తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తే గడువు తేదీ రాసిపెట్టుకోండి, అది దాటితే పింఛను ఆగుతుంది. తెలంగాణలో దివ్యాంగుల పింఛను 4,016 రూపాయలు. సరిహద్దు అవతల ఉన్న సభ్యులకు ఆంధ్రప్రదేశ్‌లో 6,000, మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవారికి 15,000. ఆ రెండో రకం కావాలంటే సర్టిఫికెట్‌లో ఆ స్థితి స్పష్టంగా ఉండాలి. నిరామయ బీమా అడిగేవారికి: అది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలకే. వెన్నుపాము దెబ్బ ఒక్కటే ఉంటే రాదు, ఏజెంట్లకు డబ్బివ్వకండి.

సర్కారు కొలువులో ఉండగా దెబ్బ తగిలితే ఉద్యోగం తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్‌లో ఈ మాట ఉంది. స్వచ్ఛందంగా మానేస్తున్నట్టు కాగితం మీద సంతకం పెట్టకండి. చేతులు కూడా పడిపోయిన మనిషి ఖాతా నుంచి డబ్బు తీయాలంటే వేలిముద్ర, అదీ కాకపోతే కాలి బొటనవేలి ముద్ర చెల్లుతుంది. ఇద్దరు సాక్షులు కావాలి, ఒకరు బ్యాంకు ఉద్యోగి. రిజర్వు బ్యాంకు నిబంధన ఇది, మేనేజరుకు తెలియకపోతే నిదానంగా చెప్పండి.

పునరావాసానికి మన ప్రాంతం వాళ్లు ఎక్కువగా వేలూరు సీఎంసీకి వెళ్తున్నారు. అక్కడి కేంద్రం 1966లో మొదలైంది. దాన్ని నిలబెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో ప్రమాదంలో నడుము కింద చచ్చుబడి, వీల్‌చైర్‌లో కూర్చునే శస్త్రచికిత్సలు చేసిన మనిషి. దిగాల్సింది కాట్పాడిలో. తోడు లేకుండా ప్రయాణించలేని వారికి రైల్వే కార్డుంటే స్లీపర్, థర్డ్ ఏసీల్లో 75 శాతం రాయితీ, తోడు వచ్చేవారికీ అంతే. తిరుపతిలో టీటీడీ వారి బర్డ్ ఆసుపత్రి ఉంది.

ఇల్లు, వీల్‌చైర్

ర్యాంపుకు ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు. మన ఇళ్ల అరుగు 2 అడుగులుంటే 24 అడుగులు, చోటు లేకపోతే మలుపు దగ్గర 5 అడుగుల చదును ఇచ్చి తిప్పాలి. నున్నటి టైల్సు వేయవద్దు, చీపురు గీతలు పెట్టిన సిమెంటు చాలు. బాత్రూము తలుపే పెద్ద చిక్కు, 2.5 అడుగుల చట్రంలో కుర్చీ పట్టదు. గోడ కొట్టే ముందు తలుపు తీసేసి తెర కట్టి చూడండి.

మంచం నుంచి కుర్చీలోకి జారడానికి 75 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక, అంచులు పలచగా నున్నగా చిత్రిక పట్టించి, ఊళ్లో వడ్రంగితోనే చేయిస్తున్నాం.

చూసుకునేవాళ్ల గురించి తక్కువే చేశాం. రాత్రి రెండు గంటలకోసారి లేచే మనిషి నెల తిరిగేసరికి మంచాన పడుతుంది, అది దాదాపు ప్రతిసారీ భార్యో అమ్మో. రాత్రిని ఇద్దరికి పంచమని ఇంటి పెద్దలతో మేమే మాట్లాడుతున్నాం. నిద్ర పట్టక, బతుకు మీద విరక్తి కలిగినవారికి 14416 టెలిమానస్ తెలుగులోనూ మాట్లాడుతుంది.

జమాఖర్చుల పట్టిక ఆడిటర్ సంతకంతో జతచేశాం. వచ్చే ఏడాది ఏరియా ఆసుపత్రుల నర్సులకు డిశ్చార్జి సంచి చూపించడం మొదటి పని.

సభ్యులకు ఒక వినతి. పాత వీల్‌చైర్ ఇవ్వదలచినవారు ముందు సీటు వెడల్పు టేపుతో కొలిచి చెప్పండి. కూర్చునే మనిషి తుంటి వెడల్పుకు అంగుళం ఎక్కువుంటే చాలు. బక్కపలచటి కుర్రాళ్లకు 18 అంగుళాల ఆసుపత్రి కుర్చీలిచ్చి, వాళ్లు ఒక పక్కకు ఒరిగి కూర్చుని వెన్ను వంకరపోవడం చూశాం. కొలత లేని కుర్చీని ఇకమీదట తీసుకోం.

కార్యవర్గం