మా తమ్ముడి సంరక్షణకు తోడ్పడిన వారందరికీ కృతజ్ఞతలు

చెన్నైలోని పెరంబూరు, విల్లివాక్కం, ఐసీఎఫ్ (రైలు పెట్టెల కర్మాగారం) ప్రాంతాల తెలుగు కుటుంబాలవారికి నమస్కారాలు. మా నాన్నగారి పెన్షన్ ఉత్తర్వులో మా తమ్ముడి పేరు శాశ్వతంగా చేరినట్టు తెలిపే కాగితం ఈ మధ్యనే మా అమ్మగారి చేతికి అందింది. దీనితో, తమ్ముడి సంరక్షణకు ప్రభుత్వం నుంచి రావలసినవిగా మాకు తెలిసిన సాయాలన్నీ ఒక కొలిక్కి వచ్చాయి. ఇందుకు కారకులైనవారిలో చాలామంది మా బంధువులు కారు. కొందరితో అంతకుముందు మాకు ముఖపరిచయం కూడా లేదు. వారికి విడివిడిగా చెప్పుకున్న కృతజ్ఞతలను ఇప్పుడు అందరి ఎదుటా చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

మా తమ్ముడికి పుట్టుకతో సెరెబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కాళ్లూ చేతులూ అదుపులో ఉండని స్థితి) ఉంది, దానితోపాటు మేధో వైకల్యం కూడా ఉంది. ఇప్పుడు నడివయసుకు వచ్చినా స్నానం చేయించడం, అన్నం తినిపించడం, పక్క మార్చడం అన్నీ ఇంకొకరు చేయవలసిందే. అమ్మకు వయసు మీదపడి నడుము సహకరించకపోవడంతో పగటిపూట ఒక ఆయాను పెట్టుకోక తప్పలేదు. ఆయా జీతం, డైపర్లు, మూర్ఛ మందులు, ఫిజియోథెరపీ, ఇవి ఒక నెల ఉండి ఇంకో నెల ఆగే ఖర్చులు కావు. ప్రభుత్వ ఆరోగ్య బీమా అనగానే చాలామందికి గుర్తొచ్చేది 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్. ఏడాదికి కుటుంబానికి 5 లక్షల రూపాయల వరకు వర్తించే ఆ పథకం ఎన్నో కుటుంబాలను నిలబెట్టిందనడంలో సందేహం లేదు, కానీ అది ఆస్పత్రిలో చేరినవారి చికిత్స కోసం ఉద్దేశించినది. ఇంట్లోనే ఏళ్ల తరబడి సాగే సంరక్షణకు వేరే దారులు వెతుక్కోవాలి. ఆ దారులు ఉన్నాయని మాకు చెప్పినవారే ఈ కృతజ్ఞతలకు మొదటి అర్హులు.

వారిలో ముందుగా తలచుకోవలసింది తమ్ముడికి చిన్నప్పుడు పాఠాలు చెప్పిన ప్రత్యేక ఉపాధ్యాయురాలిని. ఆమె తమిళురాలు, ఉద్యోగ విరమణ చేసి చాలాకాలమైంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించిందనీ, 40 శాతం, అంతకు మించిన వైకల్యం ఉన్నవారికి ప్రత్యేకమైన ప్రయోజనాలు ఉన్నాయనీ, పాత ధ్రువపత్రాన్ని పెట్టెలో దాచుకుని కూర్చోక యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవారికి ఇచ్చే గుర్తింపు కార్డు) తీసుకోవాలనీ ఆమే మా అమ్మకు ఓపికగా వివరించారు. వైద్యుల ముందుకు తమ్ముడిని తీసుకువెళ్లిన రోజు తానూ వెంట వచ్చారు. కొత్త మనుషులను చూస్తే బెదిరిపోయే తమ్ముడు ఆ రోజంతా ఆమె చేయి పట్టుకుని నెమ్మదిగా ఉన్నాడు. తమిళనాడు ప్రభుత్వం తీవ్ర వైకల్యం, మేధో వైకల్యం ఉన్నవారికి ఇచ్చే 'పరామరిప్పు ఉదవిత్తొగై', అంటే సంరక్షణ భత్యం, నెలకు 2,000 రూపాయలు ఆ తరువాతే తమ్ముడి ఖాతాలో పడడం మొదలైంది. దరఖాస్తు తమిళంలో నింపిపెట్టిన మా పక్కింటి అమ్మాయికీ, విచారణకు వచ్చినప్పుడు అమ్మ తడబడుతుంటే కూర్చోబెట్టి మంచినీళ్లు తాగమని చెప్పి తరువాతే ప్రశ్నలు అడిగిన ఉద్యోగికీ మా నమస్కారాలు.

అంతకుముందు ఒక ప్రైవేటు బీమా సంస్థ, పుట్టుకతో వచ్చిన స్థితి అనే కారణం చూపి తమ్ముడికి పాలసీ ఇవ్వడానికి నిరాకరించింది. అందువల్ల 'నిరామయ' గురించి విన్నప్పుడు మేము ముందు నమ్మలేదు. 1999 చట్టం కింద ఏర్పడిన నేషనల్ ట్రస్ట్ నడుపుతున్న ఈ బీమా ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసమే పెట్టినది. ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది. చేరే ముందు వైద్య పరీక్షలు అడగరు, వయసు అడ్డం కాదు. మాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, ఆస్పత్రిలో చేరకుండా తీసుకునే చికిత్సలకూ, థెరపీలకూ ఇందులో వాటా కేటాయించారు. బిల్లులు, వైద్యుల చీటీలు వరుసలో పెట్టి పంపడం ఎలాగో నేర్పినది ముట్టుకాడులో బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థలో తల్లిదండ్రుల శిక్షణకు వచ్చినప్పుడు పరిచయమైన ఒక తల్లి. తన కూతురి పనులతోనే తీరిక లేని ఆ తల్లి మా కాగితాలు కూడా చూసిపెట్టారు.

ఇక పెన్షన్ విషయం కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఐసీఎఫ్‌లోనూ రైల్వేలోనూ పనిచేసి విరమించిన తెలుగువారు ఈ చుట్టుపక్కల ఎందరో ఉన్నారు. మా నాన్నగారు నెల్లూరు నుంచి వచ్చి ఐసీఎఫ్‌లో చేరి అక్కడే విరమించారు. ఆయన పోయిన తరువాత అమ్మకు కుటుంబ పెన్షన్ వస్తున్నది. అమ్మ తరువాత తమ్ముడి సంగతి ఏమిటన్న ప్రశ్న మా ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు. మా వీధిలోనే ఉంటున్న, ఒకప్పుడు పెన్షన్ విభాగంలో పనిచేసిన పెద్దాయన ఒక సాయంత్రం తానుగా వచ్చి ఈ మాట ఎత్తారు. సంపాదించుకోలేని శాశ్వత వైకల్యం ఉన్న సంతానానికి, పెళ్లి, వయసులతో సంబంధం లేకుండా, జీవితాంతం కుటుంబ పెన్షన్ పొందే హక్కు ఉందనీ, తల్లి జీవించి ఉండగానే ఆ బిడ్డ పేరు పెన్షన్ ఉత్తర్వులో చేర్పించుకోవచ్చనీ ఆయన చెప్పారు. తమ్ముడి పేర నాన్న వేసిన డిపాజిట్ మీద వచ్చే వడ్డీ ఇందుకు అడ్డమవుతుందేమోనని నాకు భయం ఉండేది. ఒకప్పుడు నెలకు 9,000 రూపాయలు, దాని మీది కరువు భత్యం దాటి ఆదాయం ఉంటే పెన్షన్ వచ్చేది కాదట. 2021 ఫిబ్రవరిలో కేంద్రం ఆ నిబంధనను సడలించి, బిడ్డకు ఇతరత్రా వచ్చే ఆదాయం అతనికి రావలసిన కుటుంబ పెన్షన్ కంటే, అంటే ఉద్యోగి చివరి జీతంలో 30 శాతం, దాని మీది కరువు భత్యం కంటే తక్కువగా ఉంటే చాలునని మార్చింది. ఈ మార్పు వల్ల ఎన్ని ఇళ్లలో ఎందరు తల్లులు నిద్రపోగలుగుతున్నారో! శాశ్వత వైకల్యమైతే వైద్య ధ్రువపత్రం ఒక్కసారి ఇస్తే సరిపోతుందన్నది కూడా ఆయన చెప్పగా తెలిసినదే. ఈ పనికి ఆయన మా దగ్గర ఆటో ఖర్చు కూడా పుచ్చుకోలేదు. దరఖాస్తు ఎక్కడా ఆగిపోకుండా చూసిన పెన్షన్ కార్యాలయం ఉద్యోగులకు కూడా మేము రుణపడి ఉన్నాము.

తమ్ముడి తరఫున ఆ డబ్బు ఎవరు తీసుకోవాలన్న చిక్కు కూడా తీరింది. నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం జిల్లా కలెక్టరు అధ్యక్షత వహించే స్థానిక కమిటీ, పద్దెనిమిదేళ్లు దాటినవారికి సంరక్షకులను నియమిస్తుంది. కోర్టుకు వెళ్లే పని లేకుండానే అమ్మ కోరిక మీద నన్ను సంరక్షకురాలిగా నియమించారు. ఆదాయపు పన్ను సంగతి ఒక్క మాటలో చెబుతాను: పాత పద్ధతిలో పన్ను కట్టేవారికి ఇలాంటి కుటుంబ సభ్యుల పోషణకు 75,000 రూపాయలు, వైకల్యం 80 శాతం, అంతకు పైన ఉంటే 1,25,000 రూపాయలు ఆదాయంలో తగ్గింపు ఉంది. ఇది చెప్పిన మా కార్యాలయ సహోద్యోగికి ధన్యవాదాలు.

ప్రతి నెలా మా గడప తొక్కే ఇద్దరిని మరిచిపోతే తప్పవుతుంది. ఇంటి వద్దకే వైద్యం తెచ్చే 'మక్కళై తేడి మరుత్తువం' పథకం 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో మొదలైంది. ఆ పథకం కింద వచ్చే ఆరోగ్య కార్యకర్త అమ్మ రక్తపోటు చూసి మాత్రలు ఇచ్చి వెళతారు, ఫిజియోథెరపిస్టు తమ్ముడి కాళ్లు బిగుసుకుపోకుండా వ్యాయామాలు చేయించి, అవే ఆయాకు కూడా నేర్పారు. దీనికి మేము ఒక్క రూపాయి కట్టలేదు. బయటినుంచి ఫిజియోథెరపిస్టును పిలిపించుకునే స్తోమత లేక ఆ చికిత్స చాలాకాలం ఆగిపోయిన ఇల్లు మాది.

నెలకు 2,000 రూపాయలు చెన్నైలో ఆయా జీతంలో చిన్న భాగమే. ఈ మొత్తం పెరగాలనీ, పగలూ రాత్రీ చాకిరీ చేసే తల్లుల శ్రమకు కూడా విడిగా ఏదైనా ముట్టాలనీ నేను గట్టిగా నమ్ముతాను. అందిన సాయానికి కృతజ్ఞత చెప్పడం, చాలని చోట ఇంకా అడగడం, రెండూ పక్కపక్కనే ఉండవచ్చు. అయినా ఆ డబ్బుతో డైపర్లు, మూర్ఛ మందులు వస్తున్నాయి. మందుల దుకాణంలో అరువు అడిగే అవసరం అమ్మకు తప్పింది.

ఈ చుట్టుపక్కల ఇలాంటి బిడ్డలున్న ఇళ్లు ఇంకా ఉన్నాయని నాకు తెలుసు. నిరామయ దరఖాస్తు, పెన్షన్ ఉత్తర్వులో పేరు చేర్చమని కోరుతూ అమ్మ రాసిన ఉత్తరం, సంరక్షకుల నియామకానికి పెట్టిన కాగితాలు, వీటి నకళ్లన్నీ ఒక ఫైలులో పెట్టి ఉంచాను. కావలసినవారు ఆదివారాలు మధ్యాహ్నం తరువాత మా ఇంటికి వచ్చి చూసుకోవచ్చు. తమిళంలో నింపవలసిన చోట మా పక్కింటి అమ్మాయి సాయం చేస్తానని మాట ఇచ్చింది.