మన తొమ్మిదో తరగతి సినిమా

తల్లిదండ్రులకు నమస్కారం.

మన తొమ్మిదో తరగతి పిల్లలు పన్నెండు నిమిషాల సినిమా ఒకటి తీయబోతున్నారు. కథ వాళ్లే రాసుకుని, పోయిన శనివారం స్టాఫ్ రూమ్‌లో నాకు చదివి వినిపించారు.

ఆరో తరగతిలో చేరిన ఒక పొడగరి అబ్బాయి. ముందు కూర్చుంటే వెనకవాళ్లకు బోర్డు కనిపించదని టీచర్ అతన్ని చివరి బెంచీకి పంపుతారు. ఇంకే కారణమూ లేదు. తొమ్మిదికి వచ్చేసరికి అతను 'లాస్ట్ బెంచ్ బ్యాచ్' అయిపోతాడు. కిటికీ అద్దం పగిలినా, సుద్దముక్కలు పోయినా ముందు అతని పేరే వస్తుంది. విన్నాక కాసేపు నాకు మాట రాలేదు. ఎత్తును బట్టి కూర్చోబెట్టడం నేను ఇన్నేళ్లుగా చేస్తున్న పనే.

చివరి సీన్ దగ్గర పెద్ద చర్చే జరిగింది. ఆ అబ్బాయి కష్టపడి క్లాస్ ఫస్ట్ వచ్చినట్టు చూపిద్దామని ఒక టీచర్ అన్నారు. ఒక అమ్మాయి ఒప్పుకోలేదు. "ఫస్ట్ వస్తేనే మంచివాడని మనమే చెప్పినట్టు కదా మేడం!" అంది. కథలో క్లాస్ ఫస్ట్ అమ్మాయి కూడా ఉంది. రెండు మార్కులు తగ్గాయని ప్రోగ్రెస్ కార్డును లెక్కల పుస్తకం అట్టలో దాచేస్తుంది. ఆ సంగతి తెలిసింది ఈ అబ్బాయికి ఒక్కడికే. ఇద్దరూ బడి మెట్ల మీద కూర్చుని మాట్లాడుకుంటుండగా సినిమా ఆగుతుంది. దీన్ని మార్చవద్దని చెప్పాను.

సినిమాతో బడి మారుతుందా అని మీకు అనిపించవచ్చు. 2024లో వచ్చిన 'స్థానార్థి శ్రీకుట్టన్' అనే మలయాళ సినిమా చూసి, 2025లో కేరళలో కొన్ని బళ్లు వెనక వరుసే లేకుండా బెంచీలను గోడల వెంబడి వేసుకున్నాయి. మన దగ్గర కూడా సోమవారం నుంచి తొమ్మిదో తరగతిలో వారం వారం చోట్లు మారుస్తాం. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసిక వేధింపునూ నిషేధించింది. 'మొద్దు' అని పిలవడం కూడా వేధింపే అని నేను నమ్ముతాను. ఇంట్లో కూడా ఆ మాట వద్దండీ.

షూటింగ్ దసరా సెలవుల్లో నాలుగు రోజులు, ఉదయం పూట మాత్రమే. పరీక్షల గురించి టెన్షన్ పడకండి, చదువుకు అడ్డం రాదు. అనుమతి పత్రం మీద సంతకం చేసి పంపండి. మీరు ఒప్పుకోకుండా ఏ బిడ్డ ముఖాన్నీ యూట్యూబ్‌లో పెట్టం.

ఈ వారం పిల్లలు ఇంట్లో మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతారు: "మీరు ఏ బెంచీలో కూర్చునేవారు?" ఉన్నదున్నట్టు చెప్పండి. బడికి వెళ్లే వీలు దొరకని వాళ్లు అదే చెప్పండి. ఆ జవాబులు కూడా సినిమాలో వినిపిస్తాయి.

నవంబరు 14 సాయంత్రం బడి ఆవరణలోనే తెర కడుతున్నాం. చంటిపిల్లల్ని కూడా తీసుకుని రండి, చాపలు వేయిస్తాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు