సీరియల్ కెమెరా చెప్పే మాటకూ ఒక సమీక్ష కావాలి

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మకు 82 ఏళ్లు. కొన్నేళ్లుగా చెవులు దాదాపు వినపడవు. వినికిడి యంత్రం పెట్టుకుంటే తలనొప్పి వస్తోందని తీసి పక్కన పెడుతుంది. అయినా సాయంత్రం దీపం పెట్టాక టీవీ ముందు కూర్చుంటుంది. రాత్రి భోజనాల దగ్గర ఆ రోజు సీరియల్‌లో ఏం జరిగిందో నాకు పూసగుచ్చినట్టు చెబుతుంది. "చిన్న కోడలు ఏదో దాస్తోంది, అత్తగారికి అనుమానం వచ్చింది" అంటుంది. ఒక్క మాటైనా వినకుండా ఇదంతా ఎలా తెలుస్తోందని ఆశ్చర్యపోయేదాన్ని. ఒకరోజు నేనూ శబ్దం పూర్తిగా తగ్గించి ఆమె పక్కన కూర్చున్నాను. అరగంట గడిచేసరికి ఎవరు మంచివారో, ఎవరు చెడ్డవారో, ఎవరి కోసం నేను బాధపడాలో నాకూ తెలిసిపోయింది.

ఆ రోజు నుంచి మిమ్మల్ని ఒకటి అడగాలనుకుంటున్నాను. మీ పత్రికలో ప్రతివారం కొత్త సినిమాలకు సమీక్షలు వస్తాయి. ఛాయాగ్రహణం ఎలా ఉందో, కూర్పు ఎక్కడ సాగదీసినట్టుందో, నేపథ్య సంగీతం ఎక్కడ కథను నిలబెట్టిందో ఒక వాక్యమైనా రాస్తారు. వారానికి ఐదారు రోజులు, ఏళ్ల తరబడి మన ఇళ్లలో నడిచే సీరియల్‌కు మాత్రం ఆ గౌరవం దక్కలేదు. ఏ నటి తప్పుకుందో, రేపటి భాగంలో ఏ రహస్యం బయటపడుతుందో రాస్తారు. కథను ఎలా చిత్రిస్తున్నారో, ఆ చిత్రీకరణ మన మనసులకు ఏం నేర్పుతోందో ఎవరూ రాయరు.

సీరియల్‌లో చూడదగినది ఏముందని అనుకోకండి. భోజనాల బల్ల దగ్గర అత్తగారు ఒక మాట అంటుంది. వెంటనే కెమెరా కోడలి ముఖం మీదికి వెళ్తుంది. అక్కడి నుంచి భర్త, మామగారు, ఆడపడుచు, తోటికోడలు, చివరికి వడ్డిస్తున్న పనిమనిషి దాకా ఒక్కొక్కరి ముఖం దగ్గరా రెండు మూడు క్షణాలు ఆగుతుంది. చాలామంది దీన్ని సాగదీత అని తీసిపారేస్తారు. నిజమే, ఇందులో లెక్కలున్నాయి. గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు ఉండకూడదని కేబుల్ టీవీ నిబంధనలు చెబుతున్నాయి. అంటే అరగంట కార్యక్రమంలో కథకు సుమారు 24 నిమిషాలు కావాలి. అంత నిడివిని రోజూ అందించాలి. మాట రాయడం కంటే ముఖం చూపించడం తేలిక. కెమెరాలు ఎటువైపు తిరిగినా దీపాలు మార్చే పని లేకుండా గది అంతటా ఒకే రకమైన వెలుతురు నింపడం కూడా ఆ తొందరలో పుట్టిన పద్ధతే.

కానీ ఆ ముఖాల వరుస చేసే పని అంతటితో అయిపోదు. ఆ కోడలి బాధ ఆమె ఒక్కదానిది కాదని, ఇంటిల్లిపాదీ కూర్చుని తీర్పు చెప్పే వ్యవహారమని అది చెబుతుంది. ఉమ్మడి కుటుంబంలో బతికిన వారికి ఆ చూపుల బరువు తెలుసు. ఒక మాట పడగానే అందరి కళ్లూ మన వైపు తిరిగే ఆ నిమిషాన్ని సీరియల్ పట్టుకున్నంత బాగా మన సినిమా ఎప్పుడోగాని పట్టుకోలేదని నా అభిప్రాయం.

సుమారు 100 ఏళ్ల కిందట లెవ్ కులెషోవ్ అనే రష్యా దర్శకుడు ఒక నటుడి ముఖాన్ని, ఏ భావమూ లేనిదాన్ని, ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన అతికించి చూపించాడు. ముఖం మారలేదు. చూసినవారికి మాత్రం ఒకచోట ఆకలి, మరోచోట దుఃఖం కనిపించాయి. మా అమ్మ రోజూ చదువుతున్నది ఈ భాషనే. అసలు ఇది మనకు కొత్త కూడా కాదు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ తన ముఖం చూపించకముందే తెర మీదుగా జడ వేస్తుంది. ఆ జడ చాలు, ఆమె ఎంతటి అభిమానవతో తెలియడానికి. వెనుక ఆమె రాకను చాటే పాట, ప్రవేశ దరువు, ఉండనే ఉంటుంది. సీరియల్‌లో ప్రతినాయిక వచ్చేటప్పుడు ముందు పాదాలు, తర్వాత గాజుల చేయి, ఆఖరున ముఖం కనిపిస్తాయి. ఆమెకంటూ ఒక సంగీతం వినిపిస్తుంది. ఇది మన రంగస్థలానికి ఎప్పటినుంచో తెలిసిన విద్య. అందుకే ఇంత సులభంగా మనలోకి దిగుతుంది.

1984లో దూరదర్శన్‌లో 'హమ్ లోగ్' అనే హిందీ సీరియల్ వచ్చినప్పుడు ప్రతి భాగం చివరా హిందీ సినిమా నటుడు అశోక్ కుమార్ తెర మీదికి వచ్చి, ఆ రోజు కథ గురించి ప్రేక్షకులతో నేరుగా మాట్లాడేవారు. చూసినదాని గురించి ఒక్క నిమిషం ఆలోచించమని అడిగేవారు. ఇప్పుడు ఆ చోటును బిగుసుకుపోయిన ముఖం ఆక్రమించింది. చెంపదెబ్బను మూడు వైపుల నుంచి మూడుసార్లు చూపించి, ఉరుము శబ్దంతో ఆపేస్తారు. దెబ్బ మంచిదా చెడ్డదా అని అడిగే వ్యవధి ఉండదు. రేపు ఏమవుతుందన్న ఉత్కంఠ ఒక్కటే మిగులుతుంది.

నన్ను బాధపెడుతున్నది మరొకటుంది. శబ్దం తగ్గించి చూసిన ఆ రోజు చిన్న కోడలు చెడ్డదని అమ్మా నేనూ ఇద్దరమూ తేల్చుకున్నాం. ఆమెను కెమెరా కింది నుంచి చూపించింది. ఆమె నోరు తెరిచినప్పుడల్లా కెమెరా కుదుపుతో ముందుకు దూకింది. పెద్ద కోడలు కళ్లు తుడుచుకుంటుంటే మెత్తని వెలుగు, నెమ్మదిగా కదిలే దృశ్యం. మర్నాడు అదే భాగాన్ని పునఃప్రసారంలో శబ్దంతో విన్నాను. చిన్న కోడలు అడిగింది ఏమిటంటే, తన జీతం తన బ్యాంకు ఖాతాలోనే ఉండాలని. అంతే. సంభాషణ రాసినవారు ఆమె చేత న్యాయమైన మాటే పలికించారు. కెమెరా మాత్రం ఆమెను దోషిగా నిలబెట్టింది. ఓర్చుకునే స్త్రీకి అందమైన వెలుగు, అడిగే స్త్రీకి ఉరుము. ఇది రోజూ చూసే ఆడపిల్లకు ఏ మాటల్లోనూ చెప్పకుండానే ఒక పాఠం ఎక్కుతుంది.

'కార్తీకదీపం' 2017 నుంచి 2023 వరకు ఎంత ఆదరణతో నడిచిందో మీకు తెలుసు. నల్లగా ఉందని అవమానాలు పడే స్త్రీ పక్షాన నిలబడిన కథ అది. ఆ కథలో నాయిక ముఖాన్ని మేకప్‌తో నల్లబరిచి చూపించారు. రంగు మీద వివక్షను ప్రశ్నించే కథకు పూసిన రంగు ఎందుకు అవసరమైంది? నిజంగా ఆ ఛాయలో ఉన్న నటికి నాయిక పాత్ర ఎందుకు దొరకదు? అన్నేళ్లు నడిచిన సీరియల్ గురించి మన పత్రికల్లో వారం వారం జరగవలసిన చర్చ ఇది.

స్త్రీలను కించపరిచే ప్రసారాలు ఉండకూడదని కేబుల్ నిబంధనల్లో ఉంది. ఫిర్యాదు చేసే మార్గమూ ఉంది. ఒక సంభాషణ మీద ఫిర్యాదు చేయాలంటే ఆ మాటను ఎత్తి రాయగలం. కెమెరా కోణం మీద ఏమని రాస్తాం? అయినా సెన్సారు కత్తెర తెమ్మని నేను అడగడం లేదు. కత్తెర వస్తే ముందు తెగేది ఆ చిన్న కోడలి మాటే అని నా భయం. నేను అడిగేది విమర్శ. సంయుక్త ఆంధ్రప్రదేశ్‌లో టీవీ నందులు ఇచ్చి ఈ రంగంలోని పనితనాన్ని ప్రభుత్వమే గుర్తించింది. పత్రికలు ఇంకా గుర్తించవలసి ఉంది.

వారానికి ఒక్క పావు పేజీ ఇవ్వండి. ఒక సీరియల్‌లోని ఒక్క దృశ్యం తీసుకుని, కెమెరా ఎక్కడ నిలబడిందో, వెలుగు ఎవరి మీద పడిందో, సంగీతం ఎవరి పక్షం వహించిందో రాయించండి. కెమెరా పట్టినవారి చేత, ఎడిటింగ్ గదిలో కూర్చున్నవారి చేత రాయిస్తే ఇంకా మంచిది. బాగా తీసినవారిని పేరు పెట్టి మెచ్చుకోండి. రోజుకో భాగం తీసే ఒత్తిడిలోనూ ఒక చూపును, ఒక మౌనాన్ని శ్రద్ధగా పట్టుకునే దర్శకులున్నారు. వారి పేరు కూడా మనకు తెలియదు.

మా అమ్మకు నేను ఇవన్నీ గట్టిగా అరిచి చెప్పలేను. పత్రిక మాత్రం రోజూ పొద్దున్నే అద్దాలు పెట్టుకుని, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
తెనాలి