వార్షిక నివేదిక: మన డ్రిల్ టీచరమ్మ లేని మొదటి ఏడాది

హనుమకొండలోని మన వాడకట్టు సంఘ సభ్యులందరికీ నమస్కారం.

ప్రతిసారీ ఈ నివేదిక మోరీలు, బోరు, వీధి దీపాలతో మొదలవుతుంది. ఈసారి వాటిని చివర్లో చెబుతాను. సంఘం పెట్టిన నాటి నుంచి మనకు ఉపాధ్యక్షురాలిగా ఉన్న డ్రిల్ టీచరమ్మ, చాలాకాలం కిడ్నీ జబ్బుతో ఉండి, ఈ ఏడాది కన్నుమూశారు. పేరు, ఫొటో వేయొద్దని ఇంటివాళ్ళు కోరారు కాబట్టి వేయడం లేదు. మన వాడకట్టులో ఆమెను ఎరగనివాళ్ళు ఎవరున్నారు?

సంతాప సభలో చాలామంది ఆమెది మొండి ధైర్యం అన్నారు. ప్రేమతో అన్న మాటే అది. అయినా ఇన్నేళ్ళు పక్కింట్లో ఉన్నదాన్ని కనుక, ఆ మాట నాకు మనసుకు ఒప్పలేదు. ఎక్కడికి బయల్దేరినా టీచరమ్మ ముందు తిరిగొచ్చే దారి చూసుకునేవారు. ఆఖరి బస్సు ఎన్నింటికి, నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి, దగ్గర్లో డాక్టరు ఎవరు, ఏ పిల్లకు ఆయాసం వస్తుంది, ఏ పిల్ల తల్లికి టెన్షన్ ఎక్కువ... నీలం అట్ట నోటుబుక్కులో ఇవన్నీ రాసుకున్నాకే ఇంట్లోంచి అడుగు బయటపెట్టేవారు.

2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆ అమ్మాయికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. మర్నాడు టీచరమ్మ పేపరు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. 'ఆ పిల్ల మొదట ఎక్కింది మన భువనగిరి గుట్టే. మన ఆడపిల్లలకు ఇంటి ముందరే పద్మాక్షి గుట్ట ఉంది, ఎందుకు ఎక్కరు?' అని అడిగారు. నెల తిరగకముందే ఆదివారం నడక మొదలైంది. మొదట పద్మాక్షి గుట్ట, ఆ తర్వాత వరంగల్ కోట, రేగొండ దగ్గరి పాండవుల గుట్ట. అక్కడి రాతి మీద ఆదిమానవులు వేసిన బొమ్మలు చూపించి, కింద నిలబడి ఒక్కో పిల్లనూ చెయ్యి పట్టి బండ ఎక్కించేవారు. దోవలో తినడానికి సర్వపిండి. నీళ్ళ సీసా తేని పిల్లను మాత్రం గల్లీ మలుపు నుంచే ఇంటికి తిప్పి పంపేవారు.

ఆమె పెద్ద కోరిక మానససరోవరం. దాని కోసం ఏడాదిపాటు బ్యాగులో ఇసుక నింపుకుని పొద్దున్నే పద్మాక్షి గుట్ట ఎక్కిదిగారు. 2016లో యాత్రకు వెళ్ళేవాళ్ళ జాబితాలో ఆమె పేరు వచ్చింది. ఢిల్లీలో చేసే వైద్య పరీక్షల్లో బీపీ బాగా ఎక్కువుందని తేలి, వెనక్కి పంపేశారు. ఇక్కడికొచ్చి రక్త పరీక్షలు చేయించుకుంటే, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ పెరిగి ఉంది. అప్పటిదాకా ఒంట్లో ఏ బాధా లేదు, మోకాళ్ళ నొప్పులు తప్ప. ఆ నొప్పులకు చీటీ లేకుండా మందుల దుకాణంలో కొన్న గోళీలు ఏళ్ళ తరబడి వేసుకున్నారు. అలా వాడితే నొప్పి గోళీలు కిడ్నీలను దెబ్బతీయొచ్చు. వాటిని ఒకట్రెండుసార్లు తెచ్చిచ్చినదాన్ని నేనే. ఇది ఇక్కడ రాయకుండా ఉండలేను.

2019లో డయాలసిస్ మొదలైంది. వారానికి మూడు రోజులు, మంగళ, గురు, శని, ప్రతిసారీ నాలుగు గంటలు. పిల్లల్ని బండ ఎక్కించిన చేతికే ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపే ఆపరేషన్, చేశారు. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు, దానికి బీపీ పట్టీ కూడా కట్టకూడదు. అందరికన్నా ముందు నీళ్ళ సీసా అడిగే మనిషికి రోజుకు లీటరు లోపే నీళ్ళు. కొబ్బరినీళ్ళు, అరటిపండు వద్దు. వరంగల్ ఎండాకాలం ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఆమె ఏమీ అనలేదు. అదే నీలం అట్ట నోటుబుక్కులో డయాలసిస్‌కు ముందు బరువు, తర్వాత బరువు, తాగిన నీళ్ళు రాయడం మొదలుపెట్టారు. బస్సు టైములు రాసిన అక్షరమే, అంతే పొందికగా.

2021 జూలైలో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు, కరోనా కాస్త తగ్గాక చూసొద్దామన్నారు. నాకు భయమేసింది. ఆమె లెక్క తేల్చి చెప్పారు: శనివారం డయాలసిస్ అయితే ఆదివారం ఒళ్ళు తేలిగ్గా ఉంటుంది, సోమవారం విశ్రాంతి, మంగళవారం మళ్ళీ మిషన్. అలాగే ఆదివారం వెళ్ళాం. 1213 నాటి గుడి ముందు నందికి ఎదురుగా చాలాసేపు కూర్చున్నారు. నీళ్ళలో తేలే ఇటుకల గురించి పిల్లలకు చెబుతూ చెబుతూ, చిన్న మూతతో రెండు గుక్కలు తాగారు. ఎన్ని తాగారో నోటుబుక్కులో రాయమని నాకే చెప్పారు.

ఆమె పోయాక సంఘం రెండు పనులు చేసింది. ఒకటి, బతుకమ్మకు ముందు బీపీ, షుగరు, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందా అని చూసే శిబిరం. కిడ్నీ దెబ్బతిన్నా చాలాకాలం పైకి ఏమీ తెలియదు, బీపీ, షుగరు ఉన్నవాళ్ళు ఏడాదికోసారైనా క్రియాటినిన్ చూపించుకోవాలని వచ్చిన డాక్టరు గట్టిగా చెప్పారు. శిబిరానికి ఆడవాళ్ళే ఎక్కువ వచ్చారు. మగవాళ్ళు కూడా రావాలి, దయచేసి. రెండోది, డయాలసిస్‌కు వెళ్ళేవాళ్ళను బండి మీద దింపి తీసుకురావడానికి వంతుల పట్టిక. ఆరోగ్యశ్రీలో వైద్యం ఉచితమే, కానీ అయ్యాక నీరసంతో ఆటో కోసం రోడ్డు మీద నిలబడటం ఎంత కష్టమో ఆమెతో వెళ్ళిన ప్రతిసారీ చూశాను.

సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుండం దగ్గర, ఆమె నేర్పిన పిల్లలు తంగేడు, గునుగుతో పేర్చిన బతుకమ్మనే మన వాడకట్టు నుంచి ముందు నడిపించాం.

ఇక మిగతావి. రెండో గల్లీ మోరీ పని పూర్తయింది. బోరు మోటారు మార్చాం. మూడు వీధి దీపాల కోసం అర్జీ పెట్టాం, ఇంకా వెలగలేదు. జమాఖర్చులు విడిగా ఇచ్చిన కాగితంలో ఉన్నాయి. అనుమానం ఉంటే కోశాధికారిని అడగండి.

నీలం అట్ట నోటుబుక్కును ఆమె కూతురు సంఘానికి ఇచ్చింది. అందులో పాండవుల గుట్ట పేజీ చూసే వచ్చే ఆదివారం నడక ఏర్పాటు చేశాం. పొద్దున ఐదున్నరకు గుడి ముందు కలుద్దాం. తల్లులూ రావచ్చు. నీళ్ళ సీసా తప్పకుండా తెచ్చుకోండి, లేకపోతే గల్లీ మలుపు నుంచే వెనక్కి పంపుతాం.

కార్యదర్శి,
హనుమకొండ